స్లాషర్, మల్చర్ పాడవకుండా ఎట్లా చూసుకోవాలి, పాడైతే ఎట్లా బాగు చేసుకోవాలి: సీమ రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం చీనీ తోటల్లో సాళ్ల మధ్య గడ్డి, పులివెందుల, పుట్లూరు వైపు గెలలు కోశాక మిగిలే అరటి బోదెలు, ఆదోని, ఎమ్మిగనూరు చేలల్లో పత్తి కట్టె, అన్నిచోట్లా కంది కట్టె. కూలీలు దొరకని కాలంలో వీటన్నిటికీ ట్రాక్టరు వెనక తగిలించే స్లాషరో మల్చరో కావాల్సి వస్తోంది. ఈ మిషన్లు మొరటుగా కనిపిస్తాయి గానీ ఎర్రనేలల రాళ్లకు, డ్రిప్ పైపులకు, మన తొందరకు త్వరగా దెబ్బతింటాయి. రైతులు, డ్రైవర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

స్లాషర్‌కూ మల్చర్‌కూ తేడా ఏమిటి? ఒకటి ఉంటే రెండోదాని పని కూడా చేస్తుందా?

స్లాషర్‌లో గేర్‌బాక్స్ కింద నిలువు షాఫ్టు ఉంటుంది. దానికి వేలాడే రెండు మూడు బ్లేడ్లు నేలకు సమాంతరంగా గిర్రున తిరుగుతాయి. గడ్డి, వయ్యారిభామ, వేలిమందం కాడలు దీని పని. మల్చర్‌లో అడ్డంగా ఉండే రోటరుకు వరుసగా సుత్తులో, వై ఆకారం కత్తులో వేలాడుతుంటాయి. బెల్టుల మీద నడిచే ఈ రోటరు కట్టెను నలగ్గొట్టి తునకలు చేస్తుంది. 5 అడుగుల స్లాషర్‌కు 35 హెచ్‌పీ ట్రాక్టరు సరిపోతుంది. అదే వెడల్పు మల్చర్‌కు 45 నుంచి 50 హెచ్‌పీ కావాలి.

స్లాషర్‌తో పత్తి కట్టె తెగుతుంది, కానీ తునకలు కాదు. ముంజేతి మందం సర్కారు కంప మీదికి స్లాషర్‌ను ఎక్కించడం మాత్రం వద్దు. గేర్‌బాక్స్‌లు పగిలే కారణాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. కంపను గొడ్డలితోనో రంపంతోనో నేలమట్టానికి కొట్టి, మిగిలిన చిన్న కొమ్మల మీద మిషన్ నడపాలి.

కొత్త చేలో దిగేముందు ఏం చూడాలి?

కాలినడకన ఒకసారి తిరగాలి. ఎకరా తోటకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు మిగిలించుకుందామనుకుంటే ఒక గేర్‌బాక్స్ ఖర్చు మీద పడొచ్చు. గడ్డి మోకాలెత్తు పెరిగితే గుండ్రాళ్లు, పాత మోళ్లు, కంచె తీగ ముక్కలు, డ్రిప్ గేట్ వాల్వులు, సబ్‌మెయిన్ చివర్లో పైకి లేచిన ఫ్లష్ వాల్వు గొట్టాలు ఏవీ కనపడవు. వాల్వు దగ్గర గుడ్డ కట్టిన ఎత్తైన కర్ర పాతండి. తీయగలిగిన రాళ్లు తీసి గనిమ మీద వేయండి. తీయలేని బండరాయి చుట్టూ సున్నం చల్లండి.

డ్రిప్ లేటరల్ పైపులను ముందురోజే చెట్టు మొదట్లోకి చుట్టి పెట్టాలి. సాలులో ఒక్క లేటరల్ మిగిలినా బ్లేడు దాన్ని లాక్కుని షాఫ్టుకు చుట్టేస్తుంది. తర్వాత ఏమవుతుందో ఆయిల్ సీల్ ప్రశ్నలో చెప్పాం.

రాళ్ల నేలల్లో మొదటి దఫా 4 అంగుళాల ఎత్తున కోయండి. పక్కలనుండే స్కిడ్ షూల (నేల మీద జారే ఇనుప పట్టీల) బోల్టులు మార్చి, వెనక చక్రం సర్ది ఈ ఎత్తు పెట్టుకోవచ్చు. గడ్డి నున్నగా, నేలకు అంటినట్టు ఉండాలన్న ముచ్చట ఎర్రనేలలో పనికిరాదు. బ్లేడు మట్టిని తాకిన ప్రతిసారీ దాని అంచు ఉలితో కొట్టినట్టు అరుగుతుంది.

షేర్ బోల్టు రోజుకు రెండుసార్లు తెగుతోంది. గట్టి బోల్టు వేసుకోవచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరికుంటే ఇదే చదవండి.

ట్రాక్టరు నుంచి మిషన్‌కు తిప్పుడు బలం తెచ్చే పీటీఓ షాఫ్టు మీదుండే షేర్ బోల్టు ఉన్నదే తెగడానికి. బ్లేడు రాయిని కొట్టి ఒక్కసారిగా ఆగినప్పుడు ట్రాక్టరు మాత్రం తిప్పుతూనే ఉంటుంది. ఆ బలం ఎక్కడో ఒకచోట బయటపడాలి. బోల్టు తెగితే నష్టం పది ఇరవై రూపాయలు. అది తెగకపోతే తర్వాతి వంతు ఆ షాఫ్టు వంగే కీలులో ఉండే క్రాస్‌ది, ఆ తర్వాత షాఫ్టు గొట్టానిది, ఆ తర్వాత గేర్‌బాక్స్ పళ్లది, చివరికి ట్రాక్టరు లోపలి పీటీఓ గేర్లది. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. గట్టి బోల్టు వేయడమంటే చవకలో తెగాల్సినదాన్ని కాపాడి ఖరీదైనదాన్ని బలి పెట్టడం.

బోల్టు తల మీద చూడండి. 8.8, 10.9 అని ఉంటే అది హైటెన్సైల్, అంటే గట్టి బోల్టు. కంపెనీ పుస్తకం అదే చెబితే తప్ప ఇక్కడ పనికిరాదు. కంపెనీ పుస్తకం ఏ గ్రేడు చెబితే అదే వేయాలి. ఎక్కువ మిషన్లకు 4.6 గ్రేడు మెత్తని బోల్టు వస్తుంది. మందం కూడా తప్పకూడదు. 8 మి.మీ. బోల్టు రంధ్రాన్ని డ్రిల్లు చేసి 10 మి.మీ. వేస్తే బలం సగం పైగా పెరిగిపోతుంది. కోతపడే చోట మరలు ఉండకుండా, నున్నటి భాగం వచ్చేలా బోల్టు పొడవు ఎంచుకోవాలి. బోల్టు స్థానంలో మేకు, వెల్డింగ్ రాడ్డు ముక్క, డ్రిల్లు బిట్టు ముక్క పెట్టడం అసలే వద్దు.

మరి పదే పదే ఎందుకు తెగుతోంది? మొదట బోల్టు వదులుగా ఉందేమో చూడండి. వదులుగా ఉంటే ప్రతి కుదుపుకూ రెండు ఫోర్కుల (క్రాస్‌ను పట్టుకునే రెండు కొమ్మల ముక్కల) మధ్య నలిగి, రాయి తగలకున్నా తెగుతుంది. రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటే బోల్టు ఎంత బిగించినా నిలవదు. ఫోర్కు మార్చాలి, లేదా లేత్ షాపులో బుష్ వేయించాలి. రెండోది, ఇంజను రేజ్‌లో ఉండగానే పీటీఓ క్లచ్ టక్కున వదలడం. ఇంజను నిదానంగా ఉన్నప్పుడు పీటీఓ కలిపి, బ్లేడ్లు తిరగడం మొదలయ్యాక మెల్లగా రేజ్ పెంచాలి. మూడోది, మొద్దుబారిన బ్లేడు, లేదా గేరు ఎక్కువై మిషన్ మింగలేనంత గడ్డి.

మా షాఫ్టుకు షేర్ బోల్టు లేదు, స్ప్రింగులున్న క్లచ్ ఉంది. దానికి ఏం చేయాలి?

స్లిప్ క్లచ్ కూడా అదే కాపలా పని చేస్తుంది. తెగే బదులు జారుతుంది. చిక్కు ఏమంటే వానాకాలమంతా షెడ్డులో పడి ఉన్నాక దాని ప్లేట్లు తుప్పుతో ఒకదానికొకటి అంటుకుపోతాయి. చూడటానికి క్లచ్ ఉన్నట్టే ఉంటుంది, కానీ జారదు. కాపలా లేనట్టే.

ప్రతి సీజను మొదట్లో ఇట్లా విడదీయాలి. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో పెట్టుకోండి. ముందు ప్రతి స్ప్రింగు పొడవు స్కేలుతో కొలిచి గోడమీదో పుస్తకంలోనో రాసుకోండి. స్ప్రింగు నట్లు ఒక్కొక్కటి సరిగ్గా రెండు చుట్లు వదులు చేయండి. ప్లేట్ల అంచు మీదుగా సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీయండి. మిషన్‌ను నేల మీద ఉంచి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, పీటీఓను రెండు మూడు సెకన్లు కలిపి ఆపండి. ఇంజను ఆపి చూస్తే గీత ముక్కలై పక్కకు జరిగి ఉండాలి. జరిగిందంటే ప్లేట్లు విడిపోయినట్టు. జరగకుంటే మరోసారి చేయండి. అప్పటికీ కదలకుంటే క్లచ్ విప్పి ప్లేట్లు గరుకు కాగితంతో రుద్దాలి. చివర్లో నట్లు మళ్లీ రెండు చుట్లు బిగించి, స్ప్రింగులు ముందు రాసుకున్న పొడవుకు వచ్చాయో లేదో కొలవండి. జారుతోంది కదా అని అంతకన్నా బిగించకూడదు. స్ప్రింగు చుట్లు ఒకదాన్నొకటి తాకేదాకా బిగిస్తే అది క్లచ్ కాదు, ఉత్త ఇనుప దిమ్మె. ప్లేట్లకు ఆయిలు, గ్రీసు తగలనీయకండి.

కొత్త పీటీఓ షాఫ్టు తెచ్చాం. పొడవు సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తుంది?

మార్కెట్లో తెచ్చిన షాఫ్టు మీ ట్రాక్టరుకు అచ్చంగా సరిపోతుందని అనుకోకండి. పొడవైతే మిషన్ ఎత్తినప్పుడు లోపలి గొట్టం బయటి గొట్టం అడుగును తన్ని, ఆ పోటు నేరుగా ట్రాక్టరు పీటీఓ బేరింగ్ మీద, గేర్‌బాక్స్ ముందు బేరింగ్ మీద పడుతుంది. పొట్టిదైతే గుంతలో దిగినప్పుడు రెండు గొట్టాలూ ఊడిపోతాయి. తిరుగుతున్న గొట్టం ఊడి గాల్లో కొట్టడం కంటే ప్రమాదకరమైనది ఈ పనిలో ఇంకోటి లేదు.

మిషన్‌ను మూడు పాయింట్లకూ తగిలించి, షాఫ్టును రెండు ముక్కలు చేయండి. ఒక ముక్క ట్రాక్టరుకు, ఒకటి గేర్‌బాక్స్‌కు తొడగండి. హైడ్రాలిక్‌ను మెల్లగా పైకీ కిందికీ నడిపి, రెండు చివరల మధ్య దూరం ఎక్కడ అన్నిటికన్నా తక్కువగా ఉందో అక్కడ ఆపి, మిషన్ కింద దిమ్మెలు పెట్టి, ఇంజను ఆపండి. ముక్కలు పక్కపక్కన పట్టుకుంటే ఎంత ఎక్కువుందో తెలుస్తుంది. ఆ స్థితిలో గొట్టం చివర అడుగును తాకకుండా కనీసం 25 మి.మీ. ఖాళీ ఉండాలి. కోయాల్సి వస్తే లోపలి గొట్టం, బయటి గొట్టం, రెండింటి ప్లాస్టిక్ కవర్లు, నాలుగింటి నుంచీ ఒకే పొడవు ముక్క కోసేయాలి. అంచు బొడిపెలు ఆకురాయితో రుద్ది, లోపలి రజను తుడిచి, గ్రీసు పూసి కలపండి. బాగా సాగిన స్థితిలో కూడా ఒక గొట్టం ఇంకోదానిలో మూడోవంతైనా ఉండాలి.

కలిపేటప్పుడు రెండు గొట్టాల చివర్లలోని ఫోర్కులు ఒకే వరసలో ఉండాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెడితే షాఫ్టు ప్రతి చుట్టులోనూ వేగం పెంచుకుంటూ తగ్గించుకుంటూ తిరుగుతుంది. బ్లేడ్లలో ఏ లోపమూ లేకపోయినా మిషన్ వణుకుతుంది.

క్రాస్ నెలకోసారి పోతోంది. నాసిరకమా?

సరుకును తిట్టేముందు మూడు చూడండి. ప్రతి 8 గంటలకు గ్రీసు పెడుతున్నారా? నాలుగు మూతుల నుంచీ పాత గ్రీసు కొద్దిగా బయటికి రావాలి. ఒక మూతి నుంచి రాలేదంటే ఆ సూదుల బేరింగ్‌కు గ్రీసు అందనట్టే. క్రాస్‌ను అటూ ఇటూ కదిపి మళ్లీ కొట్టండి. గ్రీసు నిప్పుల్ మీద మట్టి తుడవకుండా గన్ను పెడితే గ్రీసుతో పాటు ఇసుకా పోతుంది.

రెండోది, మలుపు దగ్గర పీటీఓ తిరుగుతుండగానే మిషన్‌ను పూర్తిగా ఎత్తడం. అప్పుడు క్రాస్ బాగా వంగిన కోణంలో తిరుగుతుంది, గడగడమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినపడిన ప్రతిసారీ క్రాస్ ఆయుష్షు కొంత తరిగినట్టే. పొజిషన్ కంట్రోల్ లివర్‌కు అడ్డు బిగించి, మలుపులో గడ్డి తప్పేంత మాత్రమే లేచేలా పెట్టుకోండి. అంతకన్నా ఎత్తాలంటే పీటీఓ ఆపాలి.

మూడోది, లోపలి గొట్టానికి గ్రీసు లేకపోవడం. అది జారక పట్టేస్తే ఎత్తుపల్లాల పోటంతా క్రాస్ మీద పడుతుంది.

మిషన్ వణుకుతోంది. పని పూర్తిచేసి తర్వాత చూడొచ్చా?

వెంటనే ఆపండి. ఎందుకో లెక్కతో చూద్దాం. పీటీఓ 540 ఆర్‌పీఎం (నిమిషానికి 540 చుట్లు), గేర్‌బాక్స్ ఒకటిన్నర రెట్లు పెంచేదైతే బ్లేడు 810 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. 5 అడుగుల స్లాషర్‌లో బ్లేడు కొస వేగం గంటకు 225 కిలోమీటర్ల పైనే. ఒక బ్లేడు కొస విరిగి 100 గ్రాములు తగ్గిందనుకోండి. ఆ ఒక్క తేడాకే షాఫ్టును పక్కకు లాగే బలం 50 కిలోల పైన ఉంటుంది. ఆ లాగుడు సెకనుకు పదమూడు సార్లు దిక్కు మారుతూ తిరుగుతుంది. రెండు గంటలు అట్లా నడిపితే ముందు గేర్‌బాక్స్ బోల్టులు వదులవుతాయి, తర్వాత కింది సీల్ కారుతుంది, తర్వాత బ్లేడ్ల పైన కప్పే డెక్ రేకు చీలుతుంది.

కారణాలు వెతికే వరస ఇది: బ్లేడు విరిగిందా, వంగిందా, బ్లేడు తన బోల్టు చుట్టూ తేలిగ్గా ఊగుతోందా, లేక తుప్పుకు పట్టేసి వంకరగా ఆగిపోయిందా, బ్లేడ్లు తగిలించే దిమ్మె వంగిందా, షాఫ్టు ఫోర్కులు వరస తప్పాయా, క్రాస్‌లో ఆటుందా. ఎక్కువసార్లు మొదటి రెండింటిలోనే దొరుకుతుంది. అన్నీ సరిగా ఉండి ఇంకా వణికితే దిమ్మె చుట్టూ తీగో, పైపో, గడ్డితాడో చుట్టుకుని ఉంటుంది.

బ్లేడ్లకు పదును ఎట్లా పెట్టాలి?

కొడవలి పదును అక్కర్లేదు. స్లాషర్ బ్లేడు వేగంతో కొట్టి తెంచుతుంది. అంచును కాగితంలా పలచగా చేస్తే మొదటి రాయికే మడిచిపోతుంది. అంచు 1.5 నుంచి 2 మి.మీ. మందం ఉంచి, కంపెనీ ఇచ్చిన వాలునే పట్టుకుని పైవైపు మాత్రమే గ్రైండర్ పట్టండి. ఒకేచోట ఒత్తితే ఇనుము నీలం రంగుకు తిరుగుతుంది. నీలం తిరిగిందంటే అక్కడ పాకం (కాల్చి చల్లార్చి ఇచ్చిన గట్టిదనం) పోయింది, ఆ చోటు త్వరగా అరుగుతుంది. కొంచెం పట్టి, చల్లారనిచ్చి, మళ్లీ పట్టాలి.

పదును పెట్టాక బ్లేడ్లను కిరాణా అంగడి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి తూచండి. తేడా 20 గ్రాములు దాటకూడదు. బరువైన బ్లేడును వెనకవైపు కొద్దిగా గ్రైండు చేసి సమం చేయండి. ఒకటి విరిగితే ఒక్కటే కొత్తది వేయకండి, ఎదుటిది కూడా మార్చండి.

విరిగిన బ్లేడును వెల్డింగ్ చేయించొచ్చా?

చేయించకూడదు. పాకం పెట్టిన ఇనుము వెల్డింగ్ పక్కన పెళుసవుతుంది. రెండో దెబ్బకు అక్కడే విరిగి, ఆ ముక్క తూటాలా పోతుంది. బ్లేడు అరిగిన చోట రాడ్డుతో పూత వేయించడం కూడా ఇదే తప్పు.

బ్లేడు బోల్టు ఎంత బిగించాలి?

పుస్తకంలో రాసినంత. చాలా స్లాషర్లకు అది 400 న్యూటన్ మీటర్ల పైమాటే. టార్క్ రెంచి లేకపోతే పానాకు గొట్టం తొడిగి, మీటరు దూరంలో 40 కిలోల బలంతో లాగితే దాదాపు అంత వస్తుంది. బోల్టు బిగిసినా బ్లేడు మాత్రం చేతితో తోస్తే ఊగాలి. రాయి తగిలినప్పుడు వెనక్కి మడుచుకోవడానికే ఆ ఊపు. కొత్త బ్లేడ్లతో ఒక గంట నడిచాక ఆపి మళ్లీ బిగించండి. నట్టు విప్పిన ప్రతిసారీ కొత్తది వాడండి.

గేర్‌బాక్స్ కింద నుంచి ఆయిల్ కారుతోంది. సీల్ మార్చినా పదిరోజులకే మళ్లీ కారుతోంది.

సీల్‌ను చంపినదేదో కనిపెట్టకుండా సీల్ మారిస్తే ఇట్లాగే అవుతుంది. తోటల్లో మొదటి ముద్దాయి డ్రిప్ లేటరల్, రెండోది ప్లాస్టిక్ తాడు, మూడోది కంచె తీగ. ఇవి బ్లేడు దిమ్మె పైన, గేర్‌బాక్స్ కింద ఉండే రెండు వేళ్ల సందులో చుట్టుకుని, వేడికి కరిగి నల్లటి ఉంగరంలా గట్టిపడతాయి. ఆ ఉంగరం మెల్లగా పైకి ఎక్కి సీల్ రబ్బరు పెదవిని కోస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు, దిమ్మె విప్పితేనే తెలుస్తుంది.

ఇంకో కారణం గాలి రంధ్రం. గేర్‌బాక్స్ పైమూతకుండే బ్రీదర్ మట్టితో మూసుకుపోతే లోపలి గాలి వేడికి వ్యాకోచించి, పోవడానికి దారిలేక ఆయిల్‌ను సీల్ గుండా తోస్తుంది. దీన్ని డీజిల్‌లో కడిగి ఊదితే చాలు. చాలామంది దీన్ని చూడకుండానే సీల్ కొంటారు.

మార్చే పద్ధతి: మిషన్‌ను ట్రాక్టరు నుంచి విప్పి, బలమైన చెక్కదిమ్మెల మీద నిలబెట్టండి. జాకీ మీదగానీ, హైడ్రాలిక్ మీదగానీ వేలాడుతున్న మిషన్ కింద దూరకండి. ఆయిల్ తీసేయండి. కింద పెద్ద నట్టుకున్న స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పండి. బ్లేడు దిమ్మె షాఫ్టు మీది స్ప్లైన్లకు (గాళ్లకు) పట్టేసి ఉంటుంది. పుల్లర్ పెట్టి లాగాలి, షాఫ్టు చివర సుత్తితో కొడితే లోపలి బేరింగ్‌కు గుంటలు పడతాయి. దిమ్మె వచ్చాక షాఫ్టును చేత్తో పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ ఆడించి చూడండి. చేతికి ఆట తెలిసిందంటే బేరింగ్ పోయినట్టే, ఎన్ని సీళ్లు మార్చినా నిలవవు.

ఆట లేకపోతే పాత సీల్‌ను స్క్రూడ్రైవర్‌తో బయటికి తీయండి. షాఫ్టుకు గీత పడకూడదు. సీల్ ముఖం మీద 50-90-10 లాంటి అంకెలుంటాయి. లోపలి కొలత, బయటి కొలత, మందం, మి.మీ.లలో. అంగట్లో ఆ అంకెలు చెబితే చాలు. సీల్ పెదవి తగిలే చోట షాఫ్టు మీద గోరు నడపండి. గోరు తట్టుకుందంటే అక్కడ కాలువ పడింది. కొత్త సీల్‌ను 2 మి.మీ. లోతుకో పైకో కూర్చోబెడితే పెదవి కొత్త చోట పడుతుంది. కాలువ లోతైతే లేత్ షాపులో స్లీవు వేయించాలి. పెదవికి గ్రీసు రాసి, స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్ వైపుకు పెట్టి, సీల్ బయటి కొలతకు సరిపడే గొట్టం ముక్కతో చుట్టూ సమంగా తట్టండి. ఒకవైపే తడితే వంకరగా దిగి ఆ రోజే కారుతుంది. స్ప్లిట్ పిన్ను పాతది వాడకండి.

గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్, ఎంత?

ఎక్కువ మిషన్లకు ఈపీ 90 గేర్ ఆయిల్. పక్కనుండే లెవెల్ ప్లగ్గు దాకా మాత్రమే, మిషన్ సమంగా ఉన్నప్పుడు. నిండుగా పోస్తే నురగ కట్టి, వేడెక్కి, సీల్ నుంచి వస్తుంది. కొత్త మిషన్‌కు మొదటి 50 గంటలకే మార్చాలి, ఆ తర్వాత సీజనుకోసారి. తీసిన ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. వేళ్ల మధ్య రుద్దితే ఇనుప తునకలు తగిలితే గేర్లు తింటున్నాయి, మూత విప్పి చూడాలి.

అరటి తోటలో మల్చర్ నడిపితే రోటర్ బేరింగులు పోతున్నాయి. ఎందుకు?

బోదె మెత్తనిది కదా అనుకుంటాం. నారే అసలు చిక్కు. బోదె నార, గెలలకు తొడిగిన ప్లాస్టిక్ సంచులు, గాలికి పడిపోకుండా కట్టిన ప్లాస్టిక్ తాళ్లు రోటరు రెండు చివరలకూ చేరి, బేరింగ్ పక్కన దారపు కండెలా చుట్టుకుంటాయి. ఆ కండె బేరింగ్ సీల్‌ను నొక్కి, లోపలి గ్రీసును బయటికి పీల్చి, బోదె నీళ్లను లోపలికి పంపుతుంది. ముందే సంచులు, తాళ్లు, ఊతకర్రలు ఏరేయండి. ప్రతి ఎకరాకూ ఇంజను ఆపి, తాళంచెవి తీసి, రోటరు చివరల్లోని చుట్టను కొడవలితో కోసి తీయండి. ఆ సమయంలోనే బేరింగ్ డబ్బా మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఐదు సెకన్లు ఆనించలేకపోతే లోపల ఏదో చెడుతోంది.

బోదె రసం ఇనుమును త్వరగా తింటుంది. పని అయిన రోజు సాయంత్రమే నీళ్లతో కడగండి, ఎండిన తర్వాత పారతోనూ రాదు. నీటి ధారను నేరుగా బేరింగ్ సీల్ మీదికి కొట్టకండి. కడిగాక గ్రీసు పెట్టండి.

మల్చర్ సుత్తి ఒకటి ఊడిపోయింది. కొత్తది వచ్చేదాకా నడపొచ్చా?

దానికి సరిగ్గా ఎదుట ఉన్న సుత్తిని కూడా తీసి పక్కన పెడితే, ఆ రోజు పని నెట్టుకురావచ్చు. ఒక్కటే లేకుండా నడపకూడదు. కొత్తవి వేసేటప్పుడు ఎదురెదురు జతగా, బరువు చూసి వేయండి. బోల్టు అరిగి నడుము సన్నబడిందంటే సుత్తితో పాటు బోల్టూ మార్చాలి.

బెల్టులు జారుతున్నాయి, కాలిన వాసన వస్తోంది.

బెల్టు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 15 మి.మీ. దిగాలి. ఎక్కువ దిగితే బిగించండి, కొత్త బెల్టులను మొదటి గంట తర్వాత మళ్లీ చూడండి. రెండు పుల్లీల ముఖం మీదుగా దారం లాగి పట్టుకుంటే నాలుగు చోట్లా దారం తాకాలి. బెల్టులు మొత్తం జతగా మార్చాలి, కొత్తదీ పాతదీ కలిపితే భారమంతా కొత్తదే మోస్తుంది. అన్నీ సరిగా ఉండి ఇంకా జారుతుంటే గేరు తగ్గించండి.

డెక్ రేకు చీలింది. ఏ వెల్డింగ్ షాపులోనైనా అతికించుకోవచ్చా?

అతికించొచ్చు, పద్ధతి తప్పకపోతే. చీలిక మీద ఊరికే రాడ్డు తిప్పితే నెల తిరక్కముందే పక్కన చీలుతుంది. చీలిక చివర ఎక్కడుందో కనిపెట్టి అక్కడ 6 మి.మీ. రంధ్రం వేయించండి, చీలిక ఇక ముందుకు పోదు. చీలిక పొడవునా గ్రైండర్‌తో వీ ఆకారం గాడి తీసి, పెయింటు, గ్రీసు పోయేదాకా శుభ్రం చేసి, 7018 రాడ్డుతో వెల్డింగ్ చేయాలి. ఈ రాడ్డు తేమ పీలిస్తే అతుకులో సన్నని బీటలు పడతాయి. విప్పి నెలల తరబడి మూలన పడేసిన ప్యాకెట్టు కాకుండా కొత్తది తెప్పించండి. పైన పట్టీ వేయాల్సి వస్తే దాని మూలలు గుండ్రంగా కోయించండి. చతురస్రపు మూల దగ్గరే కొత్త చీలిక పుడుతుంది.

మిషన్‌ను ట్రాక్టరు నుంచి పూర్తిగా విప్పాకే వెల్డింగ్. ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చేసే చోటికి జానెడు దూరంలో, అదే రేకుకు తగిలించాలి. దూరంగా తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటికి మచ్చలు పడతాయి. చీలికకు మూలకారణం వణుకు. అది తీర్చకపోతే వెల్డింగ్ కూలి దండగ.

గడ్డి సగం తెగి సగం వంగిపోతోంది.

పీటీఓ వేగం చూడండి. మీటరు మీద 540 గుర్తు దగ్గర ఇంజను ఉండాలి. తక్కువ ఇంజను వేగానికే 540 ఇచ్చే ఎకానమీ పీటీఓ ఉన్న ట్రాక్టర్లలో ఆ లివర్ వేసి ఫుల్ రేజ్ ఇస్తే మిషన్ అతివేగంగా తిరుగుతుంది, అది ఇంకా ప్రమాదం. వేగం సరిగా ఉంటే టాప్ లింకు (మిషన్‌ను పైన ట్రాక్టరుకు కలిపే కడ్డీ) సర్ది, స్లాషర్ ముందుభాగం వెనకకన్నా 12 నుంచి 25 మి.మీ. కిందికి ఉండేలా పెట్టండి. ముందువైపు ఎత్తైతే తెగిన గడ్డినే మళ్లీ మళ్లీ కోస్తూ ఇంజను ఈడ్చుకుంటుంది. గంటకు 3 నుంచి 5 కిలోమీటర్ల నడక చాలు.

కంది, పత్తి మోళ్లకు టైర్లు పంక్చరవుతున్నాయి.

ఏటవాలుగా తెగిన ఎండు మోడు మేకుతో సమానం. కట్టె పూర్తిగా ఎండకముందే కొట్టండి. వీలైనంత నేలకు దగ్గరగా తెంచండి, లేదా మల్చర్‌తో మోడు చీలిపోయేలా నలగ్గొట్టండి. ముందు కోసిన మోళ్ల మీద టైరు పోకుండా సాలు మధ్యలో నడపండి. పత్తి కట్టెను ఆలస్యం చేయకుండా నలగ్గొట్టి కలియదున్నితే గులాబీ రంగు పురుగుకు చేలో ఆశ్రయం కూడా తగ్గుతుంది.

ఎండాకాలంలో నిప్పంటుకుంటుందా?

అంటుకుంటుంది. మార్చి నుంచి మే దాకా బ్లేడు రాయిని కొట్టిన ఒక్క రవ్వ చాలు. గేర్‌బాక్స్ చుట్టూ, బెల్టు కవరు లోపల పేరుకున్న ఎండుగడ్డిని రెండు గంటలకోసారి తీసేయండి. ట్రాక్టరు మీద 20 లీటర్ల నీళ్ల క్యాను పెట్టుకుని, పొద్దున్నే పని ముగించండి.

నడిపేటప్పుడు జనం ఎంత దూరంలో ఉండాలి?

100 మీటర్లు. డెక్ ముందూ వెనకా వేలాడే గొలుసులు రాళ్లను ఆపడానికే. లింకులు తెగిపోతే కొత్తవి వేయండి. షాఫ్టు ప్లాస్టిక్ కవరు పగిలితే మార్చండి. తువ్వాలు, పంచె కొస, చీరకొంగు ఆ షాఫ్టు క్షణంలో లాక్కుంటుంది. పీటీఓ ఆపాక కూడా బ్లేడ్లు అర నిమిషం దాకా తిరుగుతాయి. పూర్తిగా ఆగింది కళ్లతో చూశాకే దిగాలి.

మిషన్ బాడుగకు తెచ్చుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?

ఇచ్చే మనిషి ముందే షేర్ బోల్టు తల చూడండి, బ్లేడ్లు ఊపి చూడండి, ఆయిల్ లెవెల్ ప్లగ్గు విప్పి చూడండి, డెక్ ఫోటో తీసుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు చీలిక మీవల్లనా, ముందునుంచే ఉందా అన్న గొడవ ఉండదు.

ఈ పనులు చేతితో నేర్చుకునే చోటు ఉందా?

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్లు, పనిముట్ల నిర్వహణ మీద అక్కడ శిక్షణ ఇస్తారు. మిషన్ నడిపే పిల్లవాణ్ణి ఒకసారి పంపండి.

ట్రాక్టరు మీద ఏ విడి సామాన్లు ఉంచుకోవాలి?

సరైన గ్రేడు షేర్ బోల్టులు ఆరు, వాటి నట్లు, ఒక జత బ్లేడ్లు, వాటి బోల్టులు, ఒక క్రాస్, గ్రీసు గన్ను, స్ప్లిట్ పిన్నులు, లీటరు గేర్ ఆయిల్, తీగ కోసే కట్టరు. షేర్ బోల్టులను మూతగట్టిగా ఉన్న డబ్బాలో వేసి పైన రంగుతో గుర్తు పెట్టండి, మామూలు బోల్టులతో కలిసిపోతే చీకట్లో చేతికి 8.8 గ్రేడుదే వస్తుంది.